బిగుతైన పాత ఫెల్టు హ్యాటు: ఎంత సాగుతుంది, ఎక్కడ ఆగుతుంది

మీరు అడిగింది ఇదీ: తాతగారి బూడిదరంగు ఫెల్టు హ్యాటు పాత ట్రంకుపెట్టెలోంచి బయటపడింది. ఇంగ్లండులో తయారైనది, లోపలి తోలు పట్టీ మీద 6⅞ అని ఉంది. మీ తల చుట్టుకొలత 57.5 సెం.మీ. పెట్టుకుంటే పది నిమిషాల్లో నుదుటి మీద ఎర్రగా గీత పడుతోంది. భీమవరంలో హ్యాట్లు బాగుచేసేవాళ్ళు లేరు. నీళ్ళలో ముంచి తలమీదే ఆరనివ్వమని ఒకరు, ఫుట్‌బాల్ మీద బోర్లించి ఎండలో పెట్టమని ఇంకొకరు చెప్పారు. ఏది మంచిదీ అని.

రెండూ వద్దండి. ముందు ఫుట్‌బాల్ సంగతి. బంతి గుండ్రం, తల కోల. 57.5 సెం.మీ. తల సుమారుగా ముందునుంచి వెనక్కి 20 సెం.మీ., చెవి నుంచి చెవికి 16.5 సెం.మీ. ఉంటుంది. అదే చుట్టుకొలత ఉన్న బంతి అన్ని వైపులా 18.3 సెం.మీ. అంటే బంతి మీద సాగిన హ్యాటు కణతల దగ్గర వదులై, నుదుటి దగ్గర ఇంకా బిగుస్తుంది. ఇప్పుడు మిమ్మల్ని బాధపెడుతున్నచోటే ఇంకాస్త బాధ. పైగా బంతి అడుగునుంచి పైదాకా తోసి, పైన ఉన్న మడతల్ని చెరిపేస్తుంది. సాగాల్సింది ఒక్క కింది చుట్టు మాత్రమే. స్టీలు తపేలాలు, గిన్నెలు కూడా ఇదే కారణంతో పనికిరావు.

ఇక తడిపి తలమీద ఆరబెట్టుకోవడం. తోలు పట్టీ లేని చవక ఉన్ని టోపీ అయితే కొంతవరకు పనిచేస్తుంది. పాత హ్యాటుకి మాత్రం తోలు తడిసి, చెమట ఉప్పు ఎక్కి, ఆరేటప్పుడు ముడుచుకుని గట్టిపడిపోతుంది. ఎండలో పెడితే ఫెల్టు కూడా కుదించుకుపోతుంది. రోహిణి కార్తెలో రేకుల కింద అటక మీద, ఎండలో ఆపిన కారు వెనక అద్దం దగ్గర ఉంచిన హ్యాట్లు అరసైజు, ఒక సైజు తగ్గిపోయేది అందుకే. మీది కూడా అలా తగ్గిందేమో ముందు చూసుకోవాలి, అది కింద చెబుతాను.

అసలు విషయం ఏమిటంటే, హ్యాటు మెడ దగ్గర మూడు చుట్లు ఉంటాయి. పైన ఉబ్బుగా ఉండే డిప్ప, పక్కకి పరుచుకున్న అంచు కలిసేచోటుని మెడ అంటున్నాను. అక్కడ మధ్యలో ఫెల్టు, లోపల తోలు పట్టీ, బయట రిబ్బను. ఫెల్టు సాగడానికే పుట్టింది. సాగనివ్వనిది తోలు, రిబ్బనూ. అందరూ ఫెల్టుతో కుస్తీపడి, చివరికి తోలు చింపుకుంటారు. మీ హ్యాటులో ఈ మూడింటిలో ఏది అడ్డుపడుతోందో కనుక్కుని దానికి తగ్గ పని చేస్తే, మిగతాదంతా ఓపికే.

ఫెల్టు ఎందుకు సాగుతుందో తెలిస్తే తప్పులు తగ్గుతాయి. కుందేలు బొచ్చుకి గాని ఉన్నికి గాని వెంట్రుక మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి, తడి, ఒత్తిడి కలిస్తే ఆ వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుంటూ దగ్గరికి జరుగుతాయి. ఫెల్టు తయారయ్యేదే అలా. అదే వేడి, తడి తగిలినప్పుడు లోపలినుంచి ఏదైనా పట్టి ఉంచితే పట్టినచోట నిలబడుతుంది, పట్టేది లేకపోతే ముడుచుకుంటుంది. తడిజుట్టుకి రోలరు చుట్టి ఆరాక తీస్తే వంకీ నిలిచినట్టే. తడిగా ఉండగా తీస్తే వంకీ ఉండదు, హ్యాటూ అంతే.

ఇప్పుడు కొలతలు. తలని దర్జీ టేపుతో, కనుబొమ్మలకి ఒక సెం.మీ. పైన, చెవులకి పైన, వెనక ఎత్తుగా ఉన్న ఎముక మీదుగా కొలవండి. మూడుసార్లు కొలిచి పెద్దది తీసుకోండి. హ్యాటు లోపల టేపు సరిగ్గా కూర్చోదు. పాత శుభలేఖ అట్టని 2 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కత్తిరించి, రెండు కలిపి అతికించి, తోలు పట్టీ కింది అంచున చుట్టూ ఆనేలా పెట్టి, కలిసినచోట పెన్సిల్ గీత పెట్టి, బయటికి తీసి స్కేలు మీద కొలవండి. ఇదే అసలు సైజు. ముద్ర మీద ఉన్నది పుట్టినప్పటి సైజు.

ముద్ర చదవడంలో ఒక చిక్కు ఉంది. ఇంగ్లండు అంకె, అమెరికా అంకె ఒకటి కావు. 6⅞ ఇంగ్లండుదైతే 56 సెం.మీ., అమెరికాదైతే 55. 57 సెం.మీ. అంటే ఇంగ్లండులో 7, అమెరికాలో 7⅛. ఒక్కో ఎనిమిదో వంతుకి చుట్టుకొలతలో సుమారు ఒక సెం.మీ. తేడా. మీది ఇంగ్లండుది కాబట్టి పుట్టుక 56. అట్ట పట్టీ 55 చూపిస్తే హ్యాటు కుదించుకుందన్నమాట. పోగొట్టుకున్న ఆ ఒక్క సెం.మీ. తేలిగ్గా తిరిగొస్తుంది. 56 దాటాకే కష్టం మొదలవుతుంది. 57.5 అంటే పుట్టుక సైజుకి 1.5 సెం.మీ. పైన. ఏమీ విప్పకుండా చేస్తే సాధారణంగా వచ్చేది ఒక సెం.మీ. లోపే. రిబ్బను విప్పి, తోలు సంగతి చూస్తే 1.5 నుంచి 2 సెం.మీ. వస్తుంది. 2 దాటితే ఆ హ్యాటు మీ తలకి కాదండి. చూసుకోవడానికి అద్దాల బీరువాలో పెట్టుకోండి, పాడుచెయ్యొద్దు.

కొలిచేముందే తోలు పట్టీని నెమ్మదిగా కిందికి మడిచి వెనక్కి చూడండి. తలకి వదులైనప్పుడు పట్టీ వెనకాల కాగితం మడతలు, నురుగు పట్టీలు దూర్చడం పాత అలవాటు. పసుపు పట్టిన వార్తాపత్రిక మడత ఒక్కటి తీసేస్తే అరసైజు దానంతటదే వస్తుంది. కొన్నిసార్లు అక్కడితో పని అయిపోతుంది.

తరువాత హ్యాటు ఏ రకమో తేల్చుకోండి. సన్నగా, నున్నగా, బలంగా ఉండి, వేళ్ళ మధ్య పట్టులా జారితే బొచ్చు ఫెల్టు. మందంగా, కాస్త గరుకుగా, నొక్కితే తిరిగి లేచేది ఉన్ని. ఉన్నిది తేలిగ్గా సాగుతుంది కానీ అంతే తేలిగ్గా వెనక్కి వస్తుంది. గుండ్రటి గట్టి డిప్ప ఉండి, వేలితో కొడితే డొల్లగా మోగే బౌలర్ హ్యాటు అయితే దాన్ని లక్కతో బిగబట్టి ఉంటారు. దానికి ఇక్కడ చెప్పే పద్ధతి వద్దు, లక్క పగిలితే గీత మళ్ళీ పూడదు. కొన్ని ఇళ్ళల్లో దొర టోపీ అని దాచుకున్నది నిజానికి సోలా టోపీ అయి ఉంటుంది. అది జీలుగ బెండు, భాసికాలు చేసే బెండే. అది సాగే సరుకు కాదు, విరిగే సరుకు. గుడ్డ కింద తెల్లటి తేలికైన బెండు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి.

హ్యాటుని కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టి మెడ చుట్టూ చూడండి. పురుగు తిన్నచోట సూదిమొన ఎంత వెలుగు కనిపిస్తుంది. మెడ మీద అలాంటివి రెండు మూడు పక్కపక్కనే ఉంటే అక్కడే చిరుగుతుంది. రిబ్బను కింద దాగి ఉంటాయి కాబట్టి రిబ్బను తీసిన తరువాత కూడా ఒకసారి చూడాలి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. వెనకటి రోజుల్లో కుందేలు బొచ్చు బాగా పెనవేసుకోవడానికి పాదరసం కలిసిన ద్రావణం పట్టించేవారు. అమెరికా టోపీ పరిశ్రమలో ఆ వాడకం ఆగింది 1941 డిసెంబరులో. కాబట్టి పాత బొచ్చు ఫెల్టులో పాదరసం మిగిలి ఉండొచ్చు. ఆవిరి పట్టే పని వంటింట్లో కాదు, గాలి బాగా ఆడే వరండాలో చెయ్యండి. ఫ్యాను గాలి మీనుంచి బయటికి పోయేలా పెట్టుకోండి. పిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు. హ్యాటు లోపల ముక్కు పెట్టి వాసన చూడకండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆవిరికి ముందు శుభ్రం చెయ్యాలి. దుమ్ము మీద ఆవిరి పడితే బురదై ఫెల్టులో దిగుతుంది. మెత్తటి బ్రష్షుతో నూగు వాలు ఎటుంటే అటు దులపండి. మన పాత హ్యాట్లకి ఇంకో బాధ తలనూనె. తోలులోంచి నూనె ఫెల్టుకి ఎక్కి, రిబ్బను మీద ముదురు మచ్చగా కనిపిస్తుంది. దానిమీద ముల్తానీ మట్టి పొడిని పొడిగానే చల్లి రాత్రంతా వదిలి పొద్దున దులపండి. రెండు మూడుసార్లు చేస్తే చాలావరకు లాగుతుంది. మచ్చ ఉండగా ఆవిరి పడితే నూనె పాకి పెద్ద వలయం అవుతుంది.

ఇక రిబ్బను. అడ్డపు గీతలు గట్టిగా ఉండే ఆ నేత నిలువునా అస్సలు సాగదు. రిబ్బను ఉండగా లోపలినుంచి తోస్తే, బిగుతు మొలతాడుకి పైనా కిందా పొట్ట ఉబ్బినట్టు ఫెల్టు రిబ్బనుకి పైనా కిందా ఉబ్బుతుంది, మెడ మాత్రం అంతే ఉంటుంది. రిబ్బను కిందికి గోరు దూరితే అర సెం.మీ. దాకా దాన్ని కదపక్కర్లేదు. దూరకపోతే, మీకు కావలసిన 1.5 సెం.మీ.కైతే మరీ, విప్పాల్సిందే. ముందు ఫోన్‌లో నాలుగు వైపులనుంచి ఫొటోలు తీసుకోండి. బో ముడి పక్కన ఉంటుంది, దాని వెనకే రిబ్బను చివరలు కలుస్తాయి. పైన కిందా అక్కడక్కడా చిన్న చిన్న చేతికుట్లు ఉంటాయి. సన్న కత్తెర మొనతో దారం మాత్రమే కత్తిరించండి, లాగకండి. లాగితే ఫెల్టు నూగు దారంతో ఊడి చిన్న బోడిమచ్చ పడుతుంది. రిబ్బను కింద దాగిన ఫెల్టు అసలు రంగులో, చుట్టుపక్కలకంటే ముదురుగా కనిపిస్తుంది. కంగారుపడకండి, మళ్ళీ కప్పుకుంటుంది.

ఇప్పుడు తోలు. దీని మీద ఎంత జాగ్రత్త పెట్టినా ఎక్కువ కాదు. పట్టీ లోపలి వైపు బొటనవేలితో ఒకసారి మెల్లగా రుద్ది వేలు చూసుకోండి. వేలికి ఇటుకపొడిలా ఎర్రటి దుమ్ము అంటితే తోలు లోపలే కుళ్ళిపోయింది. ఏ క్రీమూ దాన్ని బతికించదు. దుమ్ము అంటకపోతే కింది అంచు చూడండి. అక్కడ సన్నటి తీగ పొదిగిన పట్టీ ఉండి, దాన్ని ఆనుకుని కుట్టు రంధ్రాలు వరసగా, తపాలా బిళ్ళ అంచులా ఉంటాయి. ముదిరిన తోలు చిరిగేది ఎప్పుడూ ఆ వరస వెంటే. ఒక రంధ్రంనుంచి పక్క రంధ్రానికి వెంట్రుకంత బీట కనిపించినా, ఆ తోలు మీద బలం పెట్టకూడదు.

తోలు బాగుంటే, పని మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు చెప్పుల షాపుల్లో దొరికే రంగులేని లెదర్ క్రీము పల్చగా, తలకి తగిలే వైపు మాత్రమే, గుడ్డతో రాయండి. కొబ్బరినూనె రాస్తారు చాలామంది, కోనసీమలో చేతికందేది అదే కాబట్టి. అది వద్దు. మన వేడికి నూనె ఏడాదిలో చాలాకాలం నీళ్ళలాగే ఉండి తోలు దాటి ఫెల్టులోకి దిగుతుంది, కొన్నాళ్ళకి కమురువాసన కొడుతుంది, దుమ్ము పట్టి మళ్ళీ మచ్చ.

తోలుకి ఆవిరి ఎందుకు తగలకూడదో చెబుతాను. తడిసిన తోలుకి వేడి తగిలితే ఒక హద్దు దగ్గర ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. బాగున్న తోలుకే ఆ హద్దు 70, 80 డిగ్రీల దగ్గర ఉంటుంది, పాతబడినదానికి ఇంకా తక్కువ. కెటిల్ ఆవిరి 100 డిగ్రీలు. ముడుచుకున్న తోలు తిరిగి సాగదు, ఆరాక అప్పడంలా విరుగుతుంది. హ్యాటు పెద్దది చేద్దామని కూర్చుని చిన్నది చేసుకునేది ఈ ఒక్క తప్పు వల్లే. అందుకని ఆవిరి పట్టేముందు తోలు పట్టీని పూర్తిగా బయటికి మడిచి, పొడి కండువా చుట్టి కప్పండి. లోపల పట్టు లైనింగు ఉంటే దాన్ని డిప్పలోకి నొక్కేయండి. కంపెనీ ముద్ర మీద పారదర్శకంగా మెరిసే బిళ్ళ ఉంటుంది, అది వేడికి ముడతలు పడుతుంది, దానికి ఆవిరి చేరకూడదు.

సాగదీసే పనిముట్టుని హ్యాట్ జాక్ అంటారు, కారు జాకీలాంటిదే. కోలగా ఉన్న చెక్కని రెండు ముక్కలు చేసి మధ్యలో మరతో దూరం జరిపేది. ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో చాలా వాటికి చెక్క మరీ పల్చగా ఉండి మెడ మీద గాడి పడుతుంది. వడ్రంగి చేత చేయించుకోవడం మేలు. వంచితే వంగి అలాగే నిలిచే దళసరి రాగి తీగని మీ తల చుట్టూ వంచి, కాగితం మీద పెట్టి గీయండి. అదే మీ తల ఆకారం. ఆ ఆకారాన్నే, హ్యాటులోకి సులువుగా దూరేంత చిన్నది చేసి, 4 సెం.మీ. మందం చెక్కలో కోయించండి. వేప గాని టేకు గాని, బాగా ఆరినది కావాలి. పనస చెక్క మాత్రం వద్దు. అందులో పసుపు రంగు ఉంది, తడి తగిలితే దిగుతుంది. మీ బూడిదరంగు ఫెల్టు మీద పడితే పోదు. అంచులన్నీ గుండ్రంగా చేసి, గరుకు కాగితం పట్టించి, రెండు పూతలు వార్నిష్ వేసి వారం ఆరనివ్వండి.

ఆ కోలని అడ్డంగా మధ్యకి కోసి, మధ్యలో ఒక సెం.మీ. పట్టీ తీసేయండి. నుదుటి ముక్కలో 8 ఎం.ఎం. మర కడ్డీలు రెండు, 6 సెం.మీ. ఎడంలో గట్టిగా బిగించాలి. వెనక ముక్కలో వాటికి ఎదురుగా 9 ఎం.ఎం. బెజ్జాలు వేస్తే కడ్డీలు అందులో జారతాయి. మధ్య ఖాళీలో ఒక్కో కడ్డీకి ఒక నట్టు, దాని వెనక వెడల్పు వాషరు. 13 నంబరు స్పానరుతో నట్టు తిప్పితే వాషరు వెనక ముక్కని తోస్తుంది. కడ్డీ ఒక్కటే పెడితే ముక్క మెలి తిరిగి ఒకవైపే తోస్తుంది, అందుకే రెండు.

లెక్క కూడా సులువే. 8 ఎం.ఎం. మర ఒక చుట్టుకి 1.25 మి.మీ. నడుస్తుంది. ముక్కలు ఎంత ఎడమైతే చుట్టుకొలత దానికి రెట్టింపు పెరుగుతుంది, ఎడమ పక్కా కుడి పక్కా రెండూ పెరుగుతాయి కాబట్టి. అంటే ఒక చుట్టుకి 2.5 మి.మీ. మీకు కావలసిన 1.5 సెం.మీ.కి ఆరు చుట్లు. తీశాక కొద్దిగా వెనక్కి వస్తుంది కాబట్టి ఏడు. చెక్క హ్యాటుకి నాలుగు వైపులా ఆనాకే లెక్క మొదలుపెట్టాలి. రెండు నట్లూ సమానంగా, ఒకటి అర చుట్టు, రెండోది అర చుట్టు, ఇలా తిప్పుకుంటూ వెళ్ళాలి.

ఆవిరికి ముక్కు ఉన్న టీ కెటిల్ మంచిది. ఇడ్లీ పాత్ర ఆవిరి వెడల్పుగా వచ్చి హ్యాటంతా తడుపుతుంది. కుక్కరు విజిల్ తీసి వాడకండి, బలంగా వచ్చే ఆవిరితో పాటు నీటి చుక్కలు చిమ్ముతాయి, చెయ్యి కాలుతుంది. బట్టల ఇస్త్రీకి వాడే చేతి స్టీమరు ఉంటే అది ఇంకా నయం. నీళ్ళు బాగా మరిగాక మొదటి నిమిషం ఆవిరిని వదిలేయండి, ముక్కులో నిలిచిన చుక్కలు అప్పుడే పోతాయి. మెడని ముక్కుకి 15 సెం.మీ. దూరంలో పట్టి, నిలపకుండా తిప్పుతూ ఉండండి. ఒక్కో పావు భాగానికి అర నిమిషం. మొదట్లో ఫెల్టు అట్టలా మొండిగా ఉంటుంది. రెండో చుట్టు వచ్చేసరికి వేలితో నొక్కితే పాత దుప్పటి మడతలా లొంగుతుంది, వేలు తీసినా నొక్కు కాస్త నిలుస్తుంది. అదే చాలు. తడిసి ముదురురంగుకి తిరిగిందంటే ఎక్కువైంది.

అక్కడ ఆగి, చేత్తో పట్టుకోగలిగే వేడికి వచ్చేదాకా చూసి, అప్పుడు తోలు లోపలికి మడవండి. జాకీకి పల్చటి నూలు గుడ్డ చుట్టి, మెడకి సరిగ్గా ఎదురుగా వచ్చేలా దించండి. ఇది ముఖ్యం. జాకీ పైకి జారి డిప్ప మధ్యలో కూర్చుంటే పైన ఉబ్బుతుంది, మెడ బిగుతు అలాగే ఉంటుంది. ఆనిన తరువాత రెండు చుట్లు తిప్పి పది నిమిషాలు వదలండి. మళ్ళీ ఒక చుట్టు, మళ్ళీ పది నిమిషాలు. ఆ రోజుకి నాలుగు చుట్లు, అంటే ఒక సెం.మీ. దాటొద్దు. మిగతాది ఇది పూర్తిగా ఆరాక ఇంకో విడతలో. స్పానరు గట్టిగా అడుగుతోందంటే ఏదో ఒక చుట్టు అడ్డుపడుతోందని అర్థం. బలం పెంచకుండా జాకీ వదులు చేసి, రిబ్బనా, తోలా అని చూడండి. చిటుక్కుమని చిన్న చప్పుడు వస్తే అది తోలు కుట్టే. వెంటనే వెనక్కి తిప్పండి.

జాకీ ముందుకీ వెనక్కీ తోస్తుంది కాబట్టి పక్కలు బల్లపరుపుగా లాగబడి, కణతల దగ్గర ఒత్తుతుంది. చెక్క మీ తల ఆకారంలో కోయించినా మధ్య ఖాళీ దగ్గర ఇది కొంత జరుగుతుంది. ఆ ఖాళీ మీదుగా రెండు పక్కలా, ఒక్కోదానికి 10 సెం.మీ. పొడవున శుభలేఖ అట్ట రెండు మూడు పొరలు వంచి పెట్టండి. చెక్క అంచుల గాడి కూడా ఫెల్టు మీద పడదు.

తరువాత ఆరడం. పొడి ఊళ్ళలో ఒక రాత్రి చాలు. మన డెల్టాలో వానాకాలమంతా ఉప్పు కూడా చెమ్మగిల్లి ముద్దవుతుంది, ఫెల్టు కూడా అంతే. ఆషాఢం నుంచి వాయుగుండాల రోజులు పోయేదాకా ఈ పని పెట్టుకుంటే రెండు మూడు రోజులు జాకీ మీదే ఉంచాలి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా గాలి పొడిగా ఉంటుంది, ఒక పగలూ ఒక రాత్రీ సరిపోతుంది. తొందర లేకపోతే అప్పటిదాకా ఆగమనే నా మాట. ఫ్యాను కింద నీడలో పెట్టండి. ఎండ, హెయిర్ డ్రయ్యరు వద్దు, పైపొర ఆరి లోపల తడి మిగిలితే తీసిన గంటలో వెనక్కి లాక్కుంటుంది. ఆరిందీ లేనిదీ తెలియాలంటే మెడని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

1.5 సెం.మీ.కి తోలు అడ్డుపడుతుందనే అనుకోండి. అప్పుడు కొత్త పట్టీకి వెళ్ళేముందు ఒక ఉపాయం ఉంది. పట్టీ చివరలు హ్యాటు వెనక భాగంలో కలుస్తాయి, అక్కడ చిన్న బో గాని, నిలువు కుట్టు గాని ఉంటుంది. ఆ కలిపిన కుట్టు మాత్రం విప్పి, దానికి అటూ ఇటూ 4 సెం.మీ. మేర ఫెల్టుకి పట్టిన కుట్టు కూడా విప్పండి. తీగ చివరలు అక్కడే ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటే జారి ఎడమవుతాయి. సాగదీసినప్పుడు తోలు మీద భారం పడకుండా వెనక సందు తెరుచుకుంటుంది. ఒక సెం.మీ. దాకా సందు వచ్చినా ఫర్వాలేదు. దాని వెనక 2 సెం.మీ. వెడల్పున పల్చటి తోలు ముక్క పెట్టి పాత రంధ్రాల్లోంచే కుట్టేస్తే తల వెనక ఏమీ తెలియదు. పాత తోలు, దాని మీది బంగారు అక్షరాలు దక్కుతాయి. తాతగారి హ్యాటుకి నేనైతే ఇదే చెబుతాను.

తోలు కుళ్ళిపోయి ఉంటే మార్చక తప్పదు. బ్యాగులు, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర అస్తరుకి వాడే గొర్రె తోలు అడగండి. 0.6 నుంచి 0.8 మి.మీ. మందం, 5 సెం.మీ. వెడల్పు, మీ తల కొలతకి ఒక సెం.మీ. ఎక్కువ పొడవు. దీనికన్నా మందమైతే అది తిన్న చోటే మీరు సాగదీసిన చోటు. మందం ఒక మి.మీ. పెరిగితే లోపలి చుట్టుకొలత 6 మి.మీ.కి పైగా తగ్గుతుంది. వరస ఇలా: పాత తోలు విప్పండి, ఫెల్టుని విడిగా సాగదీసి ఆరనివ్వండి, తరువాతే కొత్తది కుట్టండి. ఫెల్టు మీద పాత కుట్టు రంధ్రాలు కనిపిస్తాయి, వాటిలోంచే సన్నటి సూదితో కుట్టాలి, కొత్త వరస పొడిస్తే అక్కడ ఫెల్టు తెగుతుంది. నర్సాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లేవాళ్ళ ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ సన్నపని అలవాటైన చేతికి ఇస్తే ఒక సాయంత్రంలో అవుతుంది. మెషీను మీద కుట్టించకండి, అంచు మీద గుర్తులు పడతాయి.

రిబ్బను తిరిగి వేసేటప్పుడు పాతది 1.5 సెం.మీ. చాలదు. చివరలు కలిసేది బో వెనకే కాబట్టి, అక్కడ కాస్త ఎడం మిగిలినా బో కప్పేస్తుంది. రంగు కలిసే రిబ్బను ముక్క అడుగున వేస్తే ఇంకా మంచిది. గ్లూ వాడకండి. మన చెమటకీ చెమ్మకీ పసుపు మరక తేలుతుంది, తరువాత ఎవరూ విప్పలేరు.

అంచు గురించి కూడా చెప్పాలి. మెడ చుట్టు పెరిగింది, అంచు బయటి చుట్టు పెరగలేదు. దాంతో అంచు పళ్ళెంలా ఉండాల్సింది గిన్నెలా పైకో కిందికో వంగుతుంది. చాలామంది హ్యాటు పాడైందనుకునేది ఇక్కడే. పాడవలేదు. టేబులు మూలమీద మందపాటి దుప్పటి మడత వేసి, అంచుని దానిమీద పరిచి, తడిపి పిండిన తెల్లటి నూలు గుడ్డ కప్పి, ఉన్ని వేడిమీద ఇస్త్రీ పెట్టె మెడ దగ్గర మొదలుపెట్టి బయటికి నెట్టండి. రుద్దకుండా ఆనించి, ఎత్తి, పక్కకి జరిపి ఆనించాలి. పెట్టె నేరుగా ఫెల్టుకి తగిలితే నూగు మాడి మెరుపు వస్తుంది, అది పోదు. ముందువైపు అంచు కొద్దిగా కిందికి వాలాలంటే ఇంకా వెచ్చగా ఉండగానే చేత్తో వంచి చల్లారేదాకా పట్టుకోండి.

నీటి చుక్క పడి గుండ్రటి మచ్చ మిగిలితే ఆ మచ్చనే రుద్దకండి. ఆ పక్క మొత్తానికి పల్చగా, సమానంగా ఆవిరి పట్టించి, సగం ఆరాక నూగు వాలుగా బ్రష్ చేస్తే కలిసిపోతుంది.

దాచేటప్పుడు అంచు మీద నిలబెట్టొద్దు, డిప్ప కిందికి వచ్చేలా వెల్లకిలా పెట్టండి. పాలిథిన్ కవరులో కడితే మన దగ్గర నెలరోజుల్లో తోలుకి బూజు పడుతుంది. గాలి ఆడే అట్టపెట్టె, లోపల గుడ్డలో కట్టిన నాలుగు కలరా ఉండలు, తోలుకి తగలకుండా మూలలో. పెట్టుకునే ముందు ఒక రోజు బయట గాలికి ఉంచండి.

జాకీ తీసిన రోజున ఒకసారి, పదిహేను రోజుల తరువాత ఒకసారి అదే శుభలేఖ పట్టీతో మెడ కొలవండి. రెండు మూడు మి.మీ. వెనక్కి రావడం మామూలే. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే తడి ఉండగా తీశారు. ఈసారి ఆవిరి లేకుండా, జాకీ దించి, ఆనిన తరువాత ఒక్క చుట్టు తిప్పి రాత్రికి వదిలేయండి. హ్యాటు పెట్టుకోని రోజుల్లో జాకీని ఆననిచ్చి లోపలే ఉంచినా మంచిదే.